కంటైనర్ సాఫ్ట్‌వేర్‌లో బగ్ పట్టి ప్యాచ్ పంపడం ఎలాగ: విజయనగరంలో కూర్చుని నేను చేసే పద్ధతి

మాది విజయనగరం, కోటకి దగ్గర్లో ఇల్లు. ఆదివారం పూట నలుగురైదుగురు ఇంజినీరింగ్ పిల్లలు లాప్‌టాప్‌లు పట్టుకొని వస్తారు, వచ్చిన మొదటివారమే అందరూ అడిగేది ఒకటే, "అన్నా, కంటైనర్ల కోడ్ పెద్దపెద్ద కంపెనీల వాళ్ళు రాస్తారు కదా, అందులో మనం ఏటి సరిచేస్తాం?" అని. సరిచేస్తాం. నేను పంపిన మొదటి ప్యాచ్ (సరిచేసిన కోడ్ ముక్క) అయితే మన ఊరి పేరు వల్లే దొరికింది, అది ఇంగ్లీషు మాత్రమే టైప్ చేసేవాళ్ళకి ఎప్పటికీ కనపడదు. దాన్నే పట్టుకొని మొత్తం చెప్తాను.

కంటైనర్ అంటే ఏటో ఒక్క ముక్కలో: ఒకే మెషిన్ మీద ప్రోగ్రామ్‌లని ఒకదానికొకటి తగలకుండా విడివిడిగా నడిపే పద్ధతి. మా వీధిలో పాత మండువా ఇల్లొకటి నాలుగు వాటాలు చేసి అద్దెకిచ్చేరు. గోడలు వేరు, తలుపులు వేరు, నుయ్యి మాత్రం ఒకటే. ఆ నుయ్యి లైనక్స్ కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌కి నడిమి భాగం) అనుకోండి, గోడలు నేమ్‌స్పేస్‌లు, ఏ వాటా వాళ్ళు రోజుకి ఎన్ని బిందెలు తోడుకోవచ్చు అన్న కట్టుబాటు సీగ్రూప్. సీగ్రూపులు 2008లో 2.6.24 కెర్నెల్‌తో వచ్చేయి, రూట్ (మెషిన్ మీద అన్ని అధికారాలూ ఉన్న యూజర్) అక్కర్లేకుండా మామూలు యూజరే కంటైనర్ తెరవడానికి కావలసిన యూజర్ నేమ్‌స్పేస్ పని 2013లో 3.8తో ఒక కొలిక్కి వచ్చింది. కెర్నెల్‌లో కంటైనర్ అని విడిగా ఒక వస్తువు లేదండి, ఈ ముక్కలన్నీ కలిపి కుట్టేవే మనం చెయ్యి పెట్టే ప్రాజెక్టులు. ఎల్ఎక్స్‌సీ, సీరన్, ఎల్ఎక్స్‌సీఎఫ్ఎస్ సీ భాషలో ఉంటాయి (ఈ చివరిది భలే చిన్న ప్రోగ్రామ్, కంటైనర్ లోపల ఫ్రీ కమాండ్ కొడితే మొత్తం మెషిన్ ర్యామ్ కాకుండా ఆ వాటాకి ఇచ్చినంతే చూపించేది ఇదే). పాడ్‌మ్యాన్, రన్‌సీ, కంటైనర్‌డీ, ఇంకస్ గో భాషలో ఉంటాయి. ఏది ఎంచుకోవాలి అంటే మీరు రోజూ వాడేది ఎంచుకోండి. వాడని దాంట్లో బగ్ ఏదో, దాని స్వభావమే అలాంటిదో మీకు తెలీదు.

మెషిన్ విషయం. మీ అసలు సిస్టమ్ మీద చెయ్యకండి, ఒక వర్చువల్ మెషిన్ (వీఎమ్, అంటే మెషిన్ లోపల నడిచే ఇంకో మెషిన్) పెట్టుకోండి, ఎందుకంటే మౌంట్లతోనూ నెట్‌వర్క్ బ్రిడ్జిలతోనూ ఆడుకుంటాం, ఒక్కోసారి మొత్తం మెషిన్ బిగుసుకుపోతుంది. నాది 8 జీబీ ర్యామ్ లాప్‌టాపే, 4 జీబీ వీఎమ్‌కి ఇచ్చి నడిపిస్తున్నాను, బిల్డ్ (కోడ్‌ని నడిచే ప్రోగ్రామ్‌గా మార్చడం) నెమ్మదిగా అవుతుంది కానీ అవుతుంది. వీఎమ్ శుభ్రంగా ఉన్నప్పుడే ఒక స్నాప్‌షాట్ (ఆ క్షణంలో వీఎమ్ ఎలా ఉందో దాని కాపీ) తీసి దాచుకోండి, అది తర్వాత చాలా పనికొస్తుంది.

గిట్ (కోడ్ మార్పుల చరిత్ర దాచే పనిముట్టు) క్లోన్ చేసేటప్పుడు, అంటే ప్రాజెక్టు కోడ్ మన మెషిన్‌కి దింపుకునేటప్పుడు, డేటా మిగులుతుందని చాలామంది డెప్త్ 1 పెట్టేస్తారు. అలా చేస్తే పాత కమిట్లు (ఒక్కో మార్పు నమోదు) రావు, రేపు బగ్ ఏ కమిట్‌లో వచ్చిందో వెతుక్కోడానికి ఉండదు. దానికి బదులు ఫిల్టర్ ఆప్షన్‌కి బ్లాబ్ నన్ అని ఇవ్వండి, కమిట్ల చరిత్ర మొత్తం వస్తుంది, పాత ఫైళ్ళ సరుకు మాత్రం అవసరం పడినప్పుడే దిగుతుంది. మా ఇంటి దగ్గర మధ్యాహ్నం కరెంటు పోతే నెట్ కూడా పోతుంది కాబట్టి, క్లోన్ తొందరగా అయిపోయే ఈ పద్ధతి నాకు బాగా కుదిరింది.

ఇప్పుడు అందరూ పడే గొయ్యి ఒకటి చెప్తాను, నేను ఒక రోజంతా పోగొట్టుకున్నాను దీనివల్ల. కోడ్ మార్చేం, మేక్ కొట్టేం, పాడ్‌మ్యాన్ అని టైప్ చేసేం, ఏ మార్పూ కనపడదు. ఇంకా మారుస్తాం, ఇంకా కనపడదు. ఎందుకంటే మీరు నడిపేది డిస్ట్రోతో (ఉబుంటు, డెబియన్ లాంటి లైనక్స్ కూర్పుతో) వచ్చిన పాత బైనరీ (బిల్డ్ అయిన ప్రోగ్రామ్ ఫైలు), మీరు బిల్డ్ చేసింది ఆ ఫోల్డర్‌లో బిన్ కింద కూర్చుని ఉంది. చుక్క, స్లాష్, బిన్, స్లాష్ అని దారి పూర్తిగా ఇచ్చి నడపండి. ఇంకస్, కంటైనర్‌డీ లాంటివాటికి వెనకాల డీమన్ ఒకటి నడుస్తూ ఉంటుంది, కొత్తగా బిల్డ్ చేసేక పాత డీమన్ ఆపి కొత్తది లేపకపోతే మళ్ళీ ఇదే కథ. పని మొదలెట్టే ముందు మీరు మార్చబోయే ఫంక్షన్‌లో ఒక ప్రింట్ లైన్ పెట్టి అది స్క్రీన్ మీద గానీ లాగ్‌లో గానీ కనపడిందో లేదో చూసుకోండి, కనపడ్డాకే ముందుకి వెళ్ళండి.

మీకు దొరికింది నిజంగా బగ్గేనా అన్నది తర్వాత మాట. బొబ్బిలి నుంచి వచ్చే తమ్ముడొకడు మొన్న కంగారుగా చూపించేడు, రూట్‌లెస్ కంటైనర్ రాసిన ఫైలుకి ఓనర్ 100999 అని ఉంది, ఆ యూజర్ మెషిన్‌లోనే లేడు, ఇది బగ్ కదా అన్నా అని. కాదు. ఈటీసీ ఫోల్డర్‌లో సబ్‌యూఐడీ ఫైలు తెరిస్తే వాడి పేరు పక్కన 100000, 65536 అని రెండు అంకెలున్నాయి, అంటే 100000 నుంచి 65536 ఐడీలు వాడి కంటైనర్లకి కేటాయించేరన్నమాట. కంటైనర్ లోపలి రూట్, అంటే 0, బయట ఆ తమ్ముడే. లోపలి 1 బయట 100000. అలా లెక్కేసుకుంటే లోపలి 1000 బయట 100999 అవుతుంది. లెక్క సరిగ్గా సరిపోయింది, బగ్ లేదు. ఈ లెక్క ఒకసారి చేత్తో కాగితం మీద వేసుకుంటే పర్మిషన్ గొడవల్లో సగం అక్కడే తేలిపోతాయి, ఇష్యూ (ప్రాజెక్టు పేజీలో పెట్టే ఫిర్యాదు) తెరిచి మెయింటైనర్ల (ప్రాజెక్టు చూసుకునేవాళ్ళ) టైమ్ తినక్కర్లేదు.

సరే, నా బగ్ సంగతి. నేను వాడే ఒక టూల్‌లో ఒక్కో కంటైనర్‌కి చిన్న వివరణ రాసుకోవచ్చు. ఒకదానికి "విజయనగరం ఆఫీసు" అని తెలుగులో రాసేను. లిస్ట్ కమాండ్ కొడితే "విజయనగ" అని వచ్చి పక్కన డైమండ్ బొమ్మలో ప్రశ్న గుర్తు. ఫాంట్ తేడా అనుకొని చాలాసేపు టెర్మినల్ సెట్టింగులు మార్చేను, పోలేదు. అప్పుడు అవుట్‌పుట్‌ని హెక్స్‌డంప్‌కి (బైట్లు ఒక్కొక్కటీ అంకెల్లో చూపించే కమాండ్‌కి) పంపి చూసేను. యూటీఎఫ్-8లో (అక్షరాలని బైట్లుగా రాసే పద్ధతిలో) తెలుగు కోడ్‌పాయింట్, అంటే అక్షరం గానీ గుణింతం గుర్తు గానీ, ఒక్కోటి 3 బైట్లు. వ, గుడి, జ, య, న, గ, ఇవి ఆరు, ఆరు మూళ్ళు 18 బైట్లు. ఆ తర్వాత ర అక్షరానికి 3 ఉండాల్సిన చోట 2 బైట్లే ఉన్నాయి. 18కి 2 కలిపితే 20. అంటే ఎవరో 20 దగ్గర కత్తిరిస్తున్నారు, అదీ బైట్లు లెక్కపెట్టి! కోడ్‌లో వెతికితే దొరికింది, స్ట్రింగ్‌ని 20 వరకూ స్లైస్ చేసే ఒకే ఒక లైను. గోలో స్ట్రింగ్‌ని అలా కోస్తే తెగేది అక్షరాలు కాదు, బైట్లు. ఇంగ్లీషులో ఒక అక్షరం ఒకే బైటు కాబట్టి రాసినవాళ్ళకి ఎప్పుడూ కనపడలేదు, అందులో వాళ్ళ తప్పు పట్టడానికి ఏమీ లేదు.

ఇక్కడ వెంటనే కోడ్ మార్చీయకండి. ముందు ఆ బగ్‌ని మీ మెషిన్‌లోనే కాకుండా ఇంకొకరి మెషిన్‌లో కూడా రప్పించగలగాలి, నా దృష్టిలో ఈ పనికి ప్రాణం అదే. ఇందాకటి స్నాప్‌షాట్‌కి వెనక్కి వెళ్ళి, ఆల్పైన్ లాంటి చిన్న ఇమేజ్ (కంటైనర్ తెరవడానికి కావలసిన ఫైళ్ళ మూట) తీసుకొని, మీ సొంత కాన్ఫిగ్ ఏదీ లేకుండా, మూడు నాలుగు కమాండ్లలో అదే తప్పు మళ్ళీ వస్తోందా చూడండి. రాకపోతే కారణం మీ సెటప్‌లో ఉంది. వస్తే ఆ కమాండ్లే ఇష్యూలో పెట్టండి, కింద ఏం వచ్చిందో, ఏం రావాలో, టూల్ వెర్షన్, కెర్నెల్ వెర్షన్ రాయండి. స్క్రీన్‌షాట్ వద్దు, టెక్స్ట్ అతికించండి, అవతలివాళ్ళు కాపీ చేసుకొని నడుపుకుంటారు. లోపల ఏం జరుగుతోందో తెలీకపోతే పాడ్‌మ్యాన్‌కి లాగ్ లెవెల్ డీబగ్ పెట్టి చూడండి, ఇంకస్ అయితే మానిటర్ సబ్‌కమాండ్ ఉంది, ఇంకా లోతుకి వెళ్ళాలంటే ఎస్‌ట్రేస్‌కి (ప్రోగ్రామ్ కెర్నెల్‌ని ఏం అడుగుతోందో చూపించే పనిముట్టుకి) ఎఫ్ ఫ్లాగ్ ఇచ్చి పిల్ల ప్రాసెస్‌లని కూడా వెంటాడండి.

పాత వెర్షన్‌లో పనిచేసి కొత్తదాంట్లో చెడిపోయిందంటే గిట్ బైసెక్ట్ కన్నా మంచి పనిముట్టు లేదు. బాగున్న కమిట్ ఒకటి, చెడ్డ కమిట్ ఒకటి చెప్తే మధ్యలోది తీసి ఇస్తుంది, బిల్డ్ చేసి మంచో చెడో చెప్తూ పోవడమే, 1000 కమిట్లున్నా పదిసార్లలో దోషి దొరికిపోతుంది. ఒక చిన్న స్క్రిప్ట్ రాసి బైసెక్ట్ రన్‌కి ఇచ్చేస్తే అదే చేసుకుంటుంది, బాగుంటే 0, చెడితే 1, ఆ కమిట్ అసలు బిల్డే కాకపోతే 125తో బయటికి రావాలి, 125 అంటే దీన్ని వదిలీ అని అర్థం. రాత్రి పెట్టి పడుకుంటే పొద్దున్న టీ తాగే వేళకి జవాబు ఉంటుంది.

సరిచేసేటప్పుడు నేను ముందు టెస్ట్ రాసేను. ఆ ఫంక్షన్‌కి అప్పటికే టెస్టుల పట్టిక ఉంది, అందులో "విజయనగరం ఆఫీసు" అని ఒక వరస చేర్చి నడిపితే ఫెయిల్ అయింది, ఫెయిల్ అవ్వాలి కూడా, అప్పుడే అది అసలైన టెస్ట్. తర్వాత స్ట్రింగ్‌ని రూన్‌లుగా (గో భాషలో కోడ్‌పాయింట్‌కి పేరు) మార్చి కోసేను, టెస్ట్ పాసయింది, పంపించేను. రెండ్రోజులకి రివ్యూయర్ ఒక ప్రశ్న వేసేరు: అక్షరం పక్కన గుర్తులు వచ్చే భాషల్లో ఇది చాలుతుందా? నిజమే సుమండీ, రూన్ లెక్కన మొదటి ఒక్కటే తీసుకుంటే "వి" రాదు, "వ" మాత్రమే వస్తుంది, గుడి ఊడిపోతుంది. మన కంటికి ఒక అక్షరంగా కనపడేదాన్ని యూనికోడ్ వాళ్ళు గ్రాఫీమ్ క్లస్టర్ అంటారు, కొయ్యాల్సింది దాని హద్దు దగ్గర. ఆ ప్రాజెక్టు అప్పటికే వాడుతున్న ఒక లైబ్రరీలో ఆ పని చేసే ఫంక్షన్ ఉంది, దాంతో మళ్ళీ రాసేను, "శ్రీకాకుళం" కూడా టెస్టులో కలిపేను. ఆ మాట కంటికి నాలుగే అక్షరాలు, కోడ్‌పాయింట్లు పది. తెలుగు ఒక్క ముక్క రాని మనిషి మన గుణింతం గురించి అంత సరైన ప్రశ్న వేసేరంటే నాకు చాలా ముచ్చటేసింది. రివ్యూని పరీక్షలా తీసుకోకండి, తోటివాడు పక్కన కూర్చుని చదివి పెడుతున్నట్టు తీసుకోండి.

ప్యాచ్‌లో ఆ బగ్‌కి సంబంధం లేని ఏ లైనూ ముట్టుకోవద్దు. దారిలో స్పెల్లింగ్ తప్పు కనపడిందా, వేరే కమిట్. కమిట్ మెసేజ్‌లో ఏం మార్చేరో కన్నా ఎందుకు మార్చేరో రాయండి. కమిట్ కొట్టేటప్పుడు చిన్న ఎస్ ఫ్లాగ్ పెట్టండి, చివర సైన్డ్ ఆఫ్ బై అని మీ పేరు, మెయిల్ వస్తాయి, ఈ కోడ్ ఇచ్చే హక్కు నాకుంది అని మీరు చెప్పడమన్నమాట, లైనక్స్ కెర్నెల్‌లో 2004లో మొదలైన పద్ధతి ఇది, పాడ్‌మ్యాన్, ఇంకస్ రెండూ అడుగుతాయి. రివ్యూలో మార్పులు చెప్తే "ఫిక్స్డ్", "ఫిక్స్డ్ అగైన్" అని కమిట్లు పేర్చకండి, రీబేస్ చేసి అదే కమిట్‌లో కలిపి, అదే బ్రాంచ్‌కి ఫోర్స్ పుష్ చెయ్యండి (పాతదాని బదులు కొత్తది పంపడం). ఆటోమేటిక్ టెస్టులు ఎర్రగా వస్తే భయపడొద్దు, లాగ్ తెరిచి చదవండి, కొన్నిసార్లు నెట్‌వర్క్ వల్ల ఇమేజ్ దిగక ఫెయిల్ అవుతాయి, మీ మార్పు వల్ల కాదని మీకు తేలితే మర్యాదగా ఒక మాట రాసి మళ్ళీ నడపమని అడగండి.

కొత్త ఫీచర్ అయితే దారి వేరు. ముందు అడగాలి, తర్వాతే రాయాలి. మా పిల్లల్లో ఒకమ్మాయి రెండు వారాలు కష్టపడి వెయ్యి లైన్లు రాసి పంపితే, ఈ పని ఇంకో ఆప్షన్‌తో ఇప్పటికే అవుతోంది కదా అని జవాబొచ్చింది, పాపం ఎంత బాధపడిందో. మీకు ఏం పని అవ్వట్లేదో, ఇప్పుడు ఎలా నెట్టుకొస్తున్నారో రాసి ఇష్యూ తెరవండి, వాళ్ళు సరే అన్నాకే మొదలెట్టండి. ఎవరో ముందే అడిగి సరేననిపించుకున్నవి "గుడ్ ఫస్ట్ ఇష్యూ" అనో "ఈజీ" అనో లేబుల్‌తో కూడా ఉంటాయి, కొత్తవాళ్ళకి అవి మేలు. ఇంకోటి, ఫీచర్ అంటే కోడ్ ఒక్కటే కాదు. పాడ్‌మ్యాన్‌లో ఒక్క ఫ్లాగ్ చేర్చినా మాన్యువల్ పేజీలో రాయాలి, ట్యాబ్ కొడితే పూర్తయ్యేటట్టు చెయ్యాలి, టెస్ట్ ఉండాలి, హెల్ప్‌లో ఉన్న ఫ్లాగ్ మాన్యువల్‌లో లేకపోతే పట్టీసే స్క్రిప్టే ఉంది. ఇంకస్‌లో అయితే ఏపీఐ (ప్రోగ్రామ్‌లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పద్ధతి) మారితే దానికి ఒక ఎక్స్‌టెన్షన్ పేరు పెట్టి కోడ్‌లోనూ డాక్యుమెంట్‌లోనూ నమోదు చెయ్యాలి, అవతలి సర్వర్‌కి ఈ ఫీచర్ వచ్చో రాదో క్లయింట్ ఆ పేరు చూసే తెలుసుకుంటుంది. కమిట్లు కూడా ఏపీఐకి ఒకటి, డాక్యుమెంట్‌కి ఒకటి, డీమన్‌కి ఒకటి, టెస్టులకి ఒకటి అని విడివిడిగా అడుగుతారు, మొదట విసుగనిపిస్తుంది కానీ ఆరు నెలలాగి బైసెక్ట్ చేసినప్పుడు ఆ విలువ తెలుస్తుంది.

ఒక్క రకం బగ్‌కి మాత్రం పైన చెప్పినదేదీ వర్తించదు. కంటైనర్ లోపల్నించి బయటి మెషిన్‌ని ముట్టుకోగలుగుతున్నారంటే, అంటే వాటాలో ఉన్నవాడు గోడ దాటి వచ్చేస్తున్నాడంటే, పబ్లిక్ ఇష్యూ తెరవకండి. ప్రాజెక్టులో సెక్యూరిటీ అన్న ఫైల్‌లో రహస్యంగా చెప్పే దారి రాసి ఉంటుంది, అలాగే పంపండి. 2019లో బయటపడ్డ సీవీఈ-2019-5736 (సీవీఈ అంటే భద్రతా లోపాలకిచ్చే నంబరు) ఇలాంటిదే, కంటైనర్ లోపలివాడు బయట ఉన్న రన్‌సీ బైనరీనే మార్చి రాసీగలిగేవాడు. అలాంటిది సరిచేసే ముందే ఊరందరికీ తెలిస్తే ఎన్ని సర్వర్లు పోతాయో ఆలోచించండి.

ప్యాచ్ మెర్జ్ అయిందని, అంటే ప్రాజెక్టు కోడ్‌లో కలిసిందని, మెయిల్ రాగానే అప్‌గ్రేడ్ కొట్టి చూస్తారు, రాదు. ముందు ప్రాజెక్టు రిలీజ్ చెయ్యాలి, తర్వాత మీ డిస్ట్రో వాళ్ళు ప్యాకేజీ కట్టాలి, ఉబుంటు ఎల్‌టీఎస్, డెబియన్ స్టేబుల్ లాంటివాటిలో అయితే వచ్చే వెర్షన్ దాకా రాకపోవచ్చు కూడా. అంతవరకూ మీరు బిల్డ్ చేసిన బైనరీనే పూర్తి దారి ఇచ్చి వాడుకోండి, నేను ఇప్పటికీ అలాగే వాడుతున్నాను, లిస్ట్ కొడితే "విజయనగరం" నిండుగా, సున్నాతో సహా కనపడుతోంది.