జాకెట్ లోపల లైనింగ్ వేయిస్తున్నారా? ముందు చేతుల సంగతి చూడండి

లంబసింగి ట్రిప్ అనుకున్నప్పుడు నా దగ్గర ఉన్నది ఒక పాత డెనిమ్ జాకెట్. కొత్తది కొనడం ఎందుకు, లోపల షెర్పా వేయిస్తే సరిపోతుందిలే అనుకుని (షెర్పా అంటే గొర్రెబొచ్చులా ఉండే పాలియెస్టర్ బట్ట) రెండు మీటర్లు కొని టైలర్‌కిచ్చి, చేతులతో సహా మొత్తం వేసేయమన్నాను. చేతులకొద్దు సార్ అని ఆయన చెప్తూనే ఉన్నాడు, నేను వింటేగా. తీరా తొడుక్కోబోతే చెయ్యి దూరదు, బలవంతంగా దూరిస్తే లోపలి చొక్కా మోచేతి దాకా ఎగబాకి ఉండలా చుట్టుకుపోయింది.

అందుకే బొచ్చు బట్ట ఏదైనా సరే ఒంటి భాగానికే. చేతులకి జారే బట్ట వేయించండి, టాఫెటా గానీ శాటిన్ గానీ. చేతులకి మరీ చలిగా ఉంటుందనుకుంటే టాఫెటా వెనక పల్చటి వాడింగ్ (దూది పొరలా ఉండే పాలియెస్టర్) పెట్టి కుట్టించుకోవచ్చు.

ఇంకోటి, బట్ట కొనే ముందు జాకెట్‌లో చోటుందో లేదో చూసుకోండి. లైనింగ్ ఒక సెంటీమీటర్ మందం ఉంటే లోపలి చుట్టుకొలత దాదాపు 6 సెంటీమీటర్లు, అంటే రెండున్నర అంగుళాలు తగ్గిపోతుంది. బటన్లు పెట్టుకుని ఛాతీ దగ్గర రెండు పక్కలా వదులు బట్టని వేళ్లతో పట్టి చూడండి, పట్టుకున్నది మడత కాబట్టి అసలు వదులు దానికి రెట్టింపు. రెండు పక్కలా కలిపి మూడంగుళాల వదులు కూడా లేకపోతే షెర్పా జోలికి పోకుండా పల్చటి ఫ్లానెల్‌తో (మెత్తటి నూగు ఉండే బట్ట) సరిపెట్టుకోవడం మేలు.

హైదరాబాద్ చలికి ఆ ఫ్లానెల్ చాలు కూడా. కాటన్ ఫ్లానెల్ గుచ్చుకోదు, చెమట పట్టినా జిడ్డుగా అనిపించదు. కాకపోతే కుంచించుకుపోతుంది, కోయకముందే ఒకసారి తడిపి ఆరేసి ఇవ్వండి, లేదంటే మొదటి ఉతుకుకే జాకెట్ అంచు లోపలికి ముడుచుకుంటుంది. తడిస్తే ఆరడానికీ టైం పడుతుంది.

ఫ్లీస్ (మెత్తటి నూగుతో ఉండే పాలియెస్టర్ అల్లిక బట్ట) తేలిక, త్వరగా ఆరుతుంది. షాపులో 100, 200, 300 జీఎస్ఎం అని చెప్తారు, అది చదరపు మీటరుకి ఎన్ని గ్రాములన్న లెక్క. మామూలు జాకెట్‌కి 200 చాలు, 300 వేయిస్తే చేతులు ఆడవు. కానీ ఫ్లీస్‌కి గాలి ఆగదు. నోటికి అడ్డం పెట్టుకుని ఊదండి, ఊపిరి అవతలికి తగిలితే బండి మీద వెళ్లేటప్పుడు చలిగాలి కూడా అలాగే ఇవతలికి వస్తుంది. డెనిమ్ దాన్ని పూర్తిగా ఆపలేదు. పొద్దున్నే బండి నడిపేవాళ్లు పైబట్టకీ ఫ్లీస్‌కీ మధ్య ఒక పొర టాఫెటా వేయించుకుంటే, ఫ్లీస్ మందం పెంచడం కంటే ఎక్కువ పనిచేస్తుంది, ఖర్చూ తక్కువే.

జనవరిలో ఢిల్లీ వైపు వెళ్లేవాళ్లకి (తెల్లవారుజామున 5, 6 డిగ్రీలు అక్కడ మామూలే) వాడింగ్ పెట్టి బొంత కుట్టు వేసిన లైనింగ్ నయం. వెచ్చదనం ఇచ్చేది పాలియెస్టర్ కాదు, దాని మధ్య ఇరుక్కున్న గాలి. గుప్పిట్లో గట్టిగా నొక్కి వదలండి, మళ్లీ పొంగితే మంచిది, అణిగిపోయి అలాగే ఉంటే ఒక సీజన్‌కే చప్పబడుతుంది. కుట్టు వరసలు మరీ దగ్గరగా ఉంటే కుట్టు దగ్గరల్లా గాలి పిండేసినట్టే, మరీ దూరంగా ఉంటే వాడింగ్ పాత బొంతలో దూదిలా కిందకి జారి ఉండలు కడుతుంది. రెండు మూడు అంగుళాల దూరం చాలు. డౌన్ (బాతు ఈకల కింద ఉండే మెత్తటి నూగు) మాత్రం రెడీమేడ్‌లోనే కొనుక్కోండి. మామూలు బట్టలో పోస్తే నేత సందుల్లోంచీ కుట్టు రంధ్రాల్లోంచీ నూగు బయటికొస్తుంది, తడిస్తే అణిగిపోతుంది.

గొంగడి ముక్క వేయిస్తే ఎలా ఉంటుందని నాకూ ఒకసారి అనిపించింది. వెచ్చగానే ఉంటుంది, కానీ ముతక ఉన్ని కదా, మెడ దగ్గర గీరుకుంటూనే ఉంటుంది. భుజాన కప్పుకుంటేనే దానికి అందం.

ఏ బట్టైనా లైనింగ్ పైబట్ట కంటే కాస్త వదులుగా ఉండాలి. వీపు మధ్యలో ఒక మడత వదలమని టైలర్‌కి చెప్పండి, లేకపోతే హ్యాండిల్ పట్టుకోవడానికి చేతులు చాచినప్పుడు చంక దగ్గర పర్రున చిరుగుతుంది. అన్నట్టు, కాలర్‌కి షెర్పా వేయించుకుంటే చలిమంటకి కాస్త ఎడంగా కూర్చోండి. ఒక్క నిప్పురవ్వ పడినా కరిగి చిల్లు పడుతుంది, నా కాలర్‌కి ఇప్పుడు రెండున్నాయి.