వాన వెలిసినా తేరుకోని బీకన్

వాన వల్ల ఉపగ్రహ సంకేతం ఎంత తగ్గుతుందో కొలవడానికి డాబా మీద పెట్టిన ఆఫ్‌సెట్ డిష్ 74 డిగ్రీల తూర్పు రేఖాంశం మీది ఉపగ్రహం వైపు ఉంది. హైదరాబాద్ నుంచి ఎత్తు కోణం సుమారు 69 డిగ్రీలు. వాన వెలిసి పావుగంటైనా 20.2 గిగాహెర్ట్జ్ బీకన్ (ఉపగ్రహం నిలకడగా పంపే సంకేతం) మామూలు కన్నా 2 డీబీ (డెసిబెల్) కిందే. చినుకే లేనప్పుడు అది వాన నష్టమెలా అవుతుంది? ఫీడ్ (డిష్ నుంచి సంకేతాన్ని అందుకునే భాగం) మూతకు అంటిన నీటిపొర వల్ల నష్టమది. పొడి రోజున స్ప్రే సీసాతో మూత తడిపితే అంతే పడింది. మూతకు మైనం పూసి, పైన సంకేతం వచ్చే దారికి అడ్డురాకుండా చిన్న చూరు బిగిస్తే సరిపోయింది. డిష్ తడి నష్టం మాత్రం మిగులుతుంది. దాన్నీ స్ప్రేతోనే కొలిచి లెక్కలోంచి తీసేయాలి.

సంకేత నష్టాన్ని వాన జోరుతో పోల్చడానికి పెట్టిన వానమాపకంలో ఇంకో తిరకాసు. దానిలోని చిన్న బకెట్ నిండి ఒక్కసారి ఒరిగితే 0.2 మి.మీ. వాన; నిమిషానికి ఒక ఒరుగు లెక్కన అదే గంటకు 12 మి.మీ.! అందుకే ప్రతి ఒరుగుకీ సెకన్లతో సమయం నమోదు చేయాలి. బీకన్‌నీ వాననీ నమోదు చేసే రెండు లాగర్ల గడియారాలూ ఎన్‌టీపీతో (నెట్ ద్వారా సమయం సరిచేసే పద్ధతి) కలిపాకే గ్రాఫులు పోల్చాలి.