కీళ్లవాతాన్ని తొలిదశలోనే గుర్తుపట్టడం ఎలా?

కీళ్లు నొప్పి పెడితే అరుగుదలే అనుకుంటాం. కీళ్లవాతం, అంటే రుమటాయిడ్ ఆర్థరైటిస్, అరుగుదల కాదు. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే కీలు లోపలి పొర మీద దాడి చేస్తుంది. ఆ పొర ఉబ్బి, మెల్లగా ఎముకను కొరికేస్తుంది. మగవాళ్లలో కన్నా ఆడవాళ్లలో రెండు మూడు రెట్లు ఎక్కువ. ముప్పైల్లోనే మొదలవ్వచ్చు కాబట్టి ‘ఈ వయసులో కీళ్లవాతమేంటి’ అని కొట్టిపారేయకండి.

పొద్దున లేవగానే వేళ్లు బిగుసుకుపోతుంటే ముందు గడియారం చూడండి. నిద్ర లేచిన టైము, వేళ్లు పూర్తిగా వదులైన టైము వారం రోజులు రాసుకోండి. అరుగుదలలో ఆ బిగుతు మామూలుగా అరగంటలోపే పోతుంది. ఇందులో గంటైనా వదలకపోవచ్చు. పేస్టు మూత తిప్పలేరు, పిడికిలి బిగుసుకోదు, జాకెట్టు హుక్కు పెట్టుకోలేరు. వేణ్నీళ్లు తగిలి, నాలుగు పనులు చేశాక తేలికపడుతుంది. అరుగుదల నొప్పి పని చేసేకొద్దీ పెరుగుతుంది. ఇది కదిలితే తగ్గి, ఊరికే కూర్చుంటే పెరుగుతుంది.

ఏ కీళ్లో చూడండి. వేళ్లు అరచేతిని కలిసే కణుపులు, వేళ్ల మధ్య కణుపులు, మణికట్లు, కాలివేళ్ల మొదళ్లు. సాధారణంగా రెండు వైపులా వస్తుంది, మొదట్లో ఒక వైపే ఉన్నా ఆశ్చర్యం లేదు. గోరు దగ్గరి కణుపు జోలికి పెద్దగా రాదు. ఉంగరం, మెట్టె బిగుతవుతాయి. పొద్దున మొదటి అడుగులు గులకరాళ్ల మీద వేసినట్టుంటాయి.

నొక్కి చూడండి. కరచాలనం చేసినట్టు, చూపుడువేలు నుంచి చిటికెనవేలు దాకా కణుపుల వరుసను రెండు పక్కల నుంచి మెల్లగా అదమండి. చురుక్కుమంటే అనుమానించాలి. వాచిన కీలు ఎముకలా గట్టిగా ఉండదు, మెత్తగా తగులుతుంది.

తెలియని నీరసం, సన్నటి జ్వరం, బరువు తగ్గడం కూడా తోడవుతాయి. చికున్‌గున్యా తర్వాతా అచ్చం ఇలాగే ఉంటుంది కాబట్టి ఈమధ్య జ్వరం వచ్చి ఉంటే డాక్టరుకు తప్పక చెప్పండి. వాపు ఆరు వారాలు దాటితే ఇక ఆగొద్దు. రుమటాలజిస్టును, అంటే కీళ్లవాతం డాక్టరును కలవండి. ఒక్క కీలే ఎర్రగా వేడెక్కి, జ్వరం కూడా ఉంటే అది ఇన్ఫెక్షన్ కావచ్చు, అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

ఒంట్లో వాపును తెలిపే ఈఎస్ఆర్, సీఆర్పీ, ఈ జబ్బు జాడను వెతికే ఆర్ఏ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ అనే రక్తపరీక్షలు రాస్తారు. ఇక్కడే చాలామంది పొరబడతారు. ఆర్ఏ ఫ్యాక్టర్ నెగెటివ్ వచ్చినా జబ్బు ఉండొచ్చు, పాజిటివ్ వచ్చినా లేకపోవచ్చు. తొలి ఎక్స్‌రే మామూలుగానే కనిపించవచ్చు. పేరు తెలియని పొడులు, స్టెరాయిడ్ సూదులు ఈలోపు వాడితే వాపు అణిగి, జబ్బు గుర్తు దొరకదు. లోపల ఎముక మాత్రం పాడవుతూనే ఉంటుంది.

మధ్యాహ్నం అపాయింట్‌మెంట్ వేళకు వాపు సగం తగ్గిపోవచ్చు. అందుకే పొద్దున్నే రెండు చేతులూ పక్కపక్కన పెట్టి ఫొటో తీసి, రాసుకున్న కాగితంతో పాటు చూపించండి.