ప్లగ్గు పీకేశాక కూడా

పోయిన ఆదివారం మా వీధిలో పాలిటెక్నిక్ చదివే అబ్బాయి చూపుడు వేలికి కట్టుతో కనిపించాడు. ఏమైందని అడిగితే "కంప్యూటర్ ఎస్‌ఎంపీఎస్ విప్పాను అన్నా, ప్లగ్గు పీకేశాకే విప్పాను" అన్నాడు. ఎస్‌ఎంపీఎస్ అంటే గోడ కరెంటును కంప్యూటరుకు కావలసిన తక్కువ వోల్టులుగా మార్చే రేకు పెట్టె. ఆ "పీకేశాకే" అన్న మాటను నేను చాలా మంది దగ్గర విన్నాను. ఒకసారి నేనే అన్నాను. ఆ రోజు నా స్క్రూడ్రైవరు మొన మీద పడిన ఆవగింజంత గుంట ఇంకా అలాగే ఉంది.

వేసవి సెలవులు వచ్చాయి. అనంతపురం పాత సామాన్ల కొట్ల నుంచి ఈ పెట్టెలు తెచ్చి 12, 5, 3.3 వోల్టుల సప్లైగా మార్చుకునే పిల్లలు మళ్లీ మొదలుపెడతారు. పచ్చ తీగను నల్లదానికి కలిపితే ఆన్ అవుతుందని అందరికీ తెలుసు. నేను చెప్పేది పెట్టె మూత గురించి.

గోడలోని 230 వోల్టుల ఏసీ లోపల సుమారు 325 వోల్టుల డీసీగా మారి, లావుపాటి కెపాసిటర్లలో నిలవ ఉంటుంది. ప్లగ్గు పీకగానే అది పోదు. బ్లీడర్ రెసిస్టర్లు మెల్లగా ఖాళీ చేయాలి. పాత పెట్టెల్లో అవి తెగిపోయి ఉండవచ్చు. పనిచేసే సప్లై ఆ నిలవను చాలావరకు తనే వాడుకుంటుంది. చెడిపోయినదానిలో వాడుకునే దిక్కే ఉండదు. అంటే చచ్చిందని చవగ్గా ఇచ్చినదాన్ని చూసే ఎక్కువ భయపడాలి. మీరు పచ్చ తీగకు పెట్టుకున్న బుల్లి స్విచ్చును నమ్మకండి. అది సప్లైని నిద్రపుచ్చుతుంది, అంతే. ఊదా తీగలో 5 వోల్టులు వస్తూనే ఉంటాయి, లోపలి 325 కూడా.

కాబట్టి ప్లగ్గు పీకి పది నిమిషాలు ఆగండి. తర్వాత మీటరును డీసీ 600 లేదా 1000 వోల్టుల రేంజిలో పెట్టి, ఆ కెపాసిటర్ల కాళ్ల మధ్య చూడండి. రెసిస్టెన్సు కొలిచే ఓమ్స్ రేంజిలో ఉంచి తాకించారో, మీటరు పోవచ్చు. ఇంకా చార్జి కనిపిస్తే 10 కిలో ఓమ్, 10 వాట్ల రెసిస్టరును ఇన్సులేషన్ ఉన్న క్లిప్పులతో అర నిమిషం తగిలించి, మళ్లీ కొలవండి. స్క్రూడ్రైవరుతో షార్టు చేయకండి. పెట్టె నేను తెరిచినా, మీరు తెరిచినా లెక్క ఇదే: పీకారా, ఆగారా, కొలిచారా.

ఎర్తు సంగతి. మన దగ్గర వేసవికి నేల ఎండి ఎర్తింగు బలహీనపడుతుంది. ఎర్తు గుంతలో నీళ్లు పోయండి. మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్తు లేకుండా నడిపితే, లోపల కరెంటు వచ్చే చోట ఉండే చిన్న ఫిల్టరు కెపాసిటర్ల వల్ల పెట్టె రేకు తాకినప్పుడు చురుక్కుమంటుంది. అది సప్లై లోపం కాదు, మీ ఇంటి వైరింగు లోపం.

ఇక మిగిలినవి. వెనక 115/230 స్విచ్చు ఉంటే 230 మీద ఉందో లేదో ముందే చూడండి. 115 మీద పెట్టి ఆన్ చేస్తే కెపాసిటర్లు పగలవచ్చు. మూతకు రంధ్రాలు వేసేటప్పుడు దాన్ని పూర్తిగా తీసి, బోర్డుకు దూరంగా తీసుకెళ్లి రంధ్రాలు వేయండి, ఇనుప రజను బోర్డు మీద పడకూడదు. నారింజ తీగతో కలిసి ఒకే పిన్నులోకి వెళ్లే సన్నని గోధుమ రంగు తీగను కత్తిరించకండి, 3.3 వోల్టులను అదే కొలుస్తుంది. 12 వోల్టుల లైనుకు ఫ్యూజు వేయండి, లేకపోతే షార్టులో మీ తీగే ఫ్యూజు. లిథియం బ్యాటరీలు దీనితో నేరుగా చార్జి చేయకండి. హీట్‌సింకును, అంటే లోపలి వేడిని లాగే లోహపు రేకును, వేలితో తాకి చూడకండి, కొన్నింటిలో అదీ కరెంటులోనే ఉంటుంది. చెమట చేతులతో వద్దు. ఒక చెయ్యి జేబులో. ఉంగరం తీయండి. ఒంటరిగా చేయకండి.

మొదటిసారి ఆన్ చేసేటప్పుడు 60 వాట్ల పాత ఫిలమెంటు బల్బుతో సీరీస్ బోర్డు, అంటే కరెంటు ఆ బల్బు గుండానే పెట్టెకు వెళ్లే బోర్డు, వాడండి. బల్బు ఒకసారి వెలిగి మందగించాలి. పూర్తిగా వెలుగుతూనే ఉంటే లోపల షార్టు ఉన్నట్టే. ప్లగ్గు తీసేయండి. తీశాక వెంటనే మూత విప్పకండి.