ఐసీయూలో ఫీడు లెక్క వేసే ముందు ఇంటివాళ్లను అడగండి

చెన్నైలో ఒక ఆసుపత్రి ఐసీయూలో డైటీషియన్‌గా పనిచేస్తున్నాను. నెల్లూరు, తిరుపతి వైపు నుంచి వచ్చే రోగులు మా దగ్గర ఎక్కువ. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న మన తెలుగు పిల్లల కోసం ఇది రాస్తున్నాను.

కాలిక్యులేటర్ తీయకముందే బయట కూర్చున్న ఇంటివాళ్ల దగ్గరికి వెళ్లండి. "అమ్మా, ఇక్కడికి రాకముందు పది రోజులుగా ఆయన ఏం తింటున్నారు? బట్టలు వదులయ్యాయా? మందు అలవాటు ఉందా?" అని అడగండి. "బాగానే తిన్నారమ్మా" అంటే అక్కడితో వదలవద్దు. పొద్దున ఏమిటి, రాత్రి ఏమిటి అని విడివిడిగా అడిగితే, వారం నుంచి గంజినీళ్లే తాగుతున్నారని బయటపడుతుంది. అలా ఎండిపోయిన ఒంట్లోకి మొదటి రోజే పూర్తి ఫీడు (ట్యూబు ద్వారా ఇచ్చే ద్రవాహారం) పంపితే ఇన్సులిన్ పెరుగుతుంది. దాంతో రక్తంలోని ఫాస్ఫేట్, పొటాషియం, మెగ్నీషియం కణాల్లోకి వెళ్లిపోతాయి. గుండె లయ తప్పవచ్చు, ఊపిరి కండరాలు నీరసించి వెంటిలేటర్ తీయడం కష్టమవుతుంది. ఇదే రీఫీడింగ్ సిండ్రోమ్. డాక్టరుతో చెప్పి ముందు థయమిన్ (బి1 విటమిన్) ఇప్పించండి. తక్కువతో మొదలుపెట్టి, ఆ మూడింటినీ రోజూ చూస్తూ పెంచండి. ఫాస్ఫేట్ పడిపోతే పెంచడం ఆపండి.

బీపీ నిలబెట్టే మందుల మోతాదు ఇంకా పెరుగుతూనే ఉంటే ఆగాలి. నిలకడ వచ్చాక 24 నుంచి 48 గంటల్లోపు ట్యూబు ఫీడు మొదలవ్వాలి. పేగు శబ్దాల కోసం ఎదురుచూడనక్కర్లేదు.

రోజుకు కిలో బరువుకు 25 కేలరీలు, 1.3 గ్రాముల ప్రొటీన్ అనుకుంటే 60 కిలోల మనిషికి 1500 కేలరీలు, 78 గ్రాములు. ఇది చేరవలసిన గమ్యం, మొదటి రోజు మోతాదు కాదు. తొలి రోజుల్లో శరీరం తన గ్లూకోజును తానే తయారుచేసుకుంటుంది కాబట్టి ఆ గమ్యంలో 70 శాతం దాటించవద్దు. బరువు కూడా జబ్బుకు ముందుదే తీసుకోండి, మంచం మీద చూపించే బరువులో వాపు నీరు కలిసి ఉంటుంది. కొవ్వులో కలిపి ఇచ్చే ప్రొపోఫోల్ అనే మత్తుమందు నడుస్తుంటే, దాని మిల్లీలీటరుకు 1.1 కేలరీ చొప్పున ఫీడు లెక్కలోంచి తీసేయండి. డయాలసిస్ రోగికి ప్రొటీన్ తగ్గించమని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. డయాలసిస్‌లో అమైనో ఆమ్లాలు పోతూనే ఉంటాయి, ఆ లోటును మనమే పూడ్చాలి.

ఫ్లాస్కులో రాగిజావ తెచ్చే తల్లులను కసురుకోకండి. ఆమె చేతిలో మిగిలిన పని అదొక్కటే. సన్నటి ట్యూబులో అది అడ్డుపడుతుందని, ఈ దశలో కావలసినంత ప్రొటీన్ అందులో లేదని నిదానంగా చెప్పండి. కిడ్నీ రోగికి కొబ్బరినీళ్లు తెస్తే మాత్రం గట్టిగానే వద్దనండి, అందులో పొటాషియం ఎక్కువ.

ఇక రోజూ పొద్దున నర్సు చార్టు తెరిచి, రాసినదెంత, లోపలికి వెళ్లినదెంత చూడండి. స్కానుకనీ, ట్యూబు మార్చాలనీ ఆపిన ఫీడు చాలాసార్లు మళ్లీ మొదలుకాదు. ఆ లోటు ఎంతో అంకెల్లో రాసి, రౌండ్సులో డాక్టరు ముందు పెట్టండి.