హమ్మింగ్‌బర్డ్ ఏ రకమో తెలియాలంటే స్లో మోషన్‌లో తీయండి

అమెరికాలో పెరట్లో ఫీడర్ (పిట్టల కోసం చక్కెర నీళ్లు పోసి వేలాడదీసే సీసా) పెట్టుకున్నవాళ్లకి తెలిసిందే, హమ్మింగ్‌బర్డ్ అనే బుల్లి పిట్ట వచ్చి మనం సరిగ్గా చూసేలోపే మాయమైపోతుంది. ఫోన్‌ని మీటరు దూరంలో స్టాండ్ మీద పెట్టి, ఎండ ఫోన్ వెనక నుంచి పిట్ట మీద పడేలా చూసుకుని, సెకనుకి 240 ఫ్రేముల స్లో మోషన్‌లో తీసి తర్వాత ఆపి ఆపి చూడండి. మగపిట్ట గొంతు ఒక ఫ్రేములో నల్లగా కనిపించి, తల కాస్త తిప్పగానే ఎర్రగా మెరుస్తుంది, వెలుగు కోణాన్ని బట్టి మారే రంగు అది, అందుకే ఒక్క ఫోటోతో తేల్చకూడదు. తూర్పు రాష్ట్రాల్లో గొంతు ఎరుపైతే అది దాదాపు ఖాయంగా రూబీ థ్రోటెడ్ అనే రకం, పడమటి తీరంలో గొంతుతో పాటు నెత్తి కూడా గులాబీగా మెరిస్తే అన్నాస్ అనే రకం. మిగతావాటిని తరిమేస్తూ ఫీడర్‌ని కాపలా కాసే పిట్ట కూడా వీడియోలో దొరుకుతుంది, చూడ్డానికి ఎంత బాగుంటుందో! ఆడపిట్టల విషయంలో మాత్రం ఇది పనిచేయదు, రూబీ థ్రోటెడ్, బ్లాక్ చిన్డ్ రకాల్లో ఆడవి ఇంచుమించు ఒకేలా ఉంటాయి. మబ్బు పట్టినా గొంతు రంగు సరిగ్గా తెలియదు.