తీరపు పక్షుల ఫొటోగ్రఫీ – 3వ పాఠం: ఎగురుతున్నప్పుడు ఏది గల్, ఏది టెర్న్?

పోయిన పాఠంలో కాకినాడ దగ్గరి కోరంగి మడ అడవుల పక్కన బురదలో నిలబడ్డ పక్షులను చూశాం. ఇవాళ అవి లేస్తాయి. వాటిలో గల్, టెర్న్ అనే రెండు రకాల తీరపు పక్షులను ఎగురుతుండగా విడదీసి గుర్తుపట్టడం, ఫొటో తీయడం చూద్దాం.

ముందు వేళ సంగతి. పక్షుల ఫొటోలంటే తెల్లారేసరికి వెళ్లిపోవాలని అందరూ చెబుతారు. కాకినాడకు ఉత్తరాన ఉన్న ఉప్పాడ బీచ్‌లో నిలబడితే ఆ మాట పనికిరాదు. మనది తూర్పు తీరం, పొద్దున సూర్యుడు సముద్రం మీదే ఉంటాడు. పక్షి నల్లటి బొమ్మలా వస్తుంది. మొదటి ఏడాది నేను ఓ పొద్దున రెండు వందల ఫొటోలు తీసుకొచ్చాను, ఒక్కదాంట్లోనూ ముక్కు రంగు తెలియలేదు. మధ్యాహ్నం మూడు దాటాక వెళ్లండి. ఎండ మీ వీపున పడాలి. కాకినాడ ఎదుట సముద్రంలో ఉన్న హోప్ ఐలాండ్ వైపు పడవలో వెళ్లేవాళ్లకు పొద్దున కూడా కుదురుతుంది. పడవ పక్షులకు తూర్పున ఉండేలా చూసుకుని, కాకినాడ వైపు తిరిగి తీయాలి.

తర్వాత గాలి. గాలికి ఎదురెళ్లే పక్షి నెమ్మదిస్తుంది. శీతాకాలంలో ఈశాన్యం గాలి ఉన్న రోజున, కాకినాడ నుంచి ఉప్పాడ వైపు పోయే పక్షులు రోడ్డు పక్కన నిలబడ్డ మీకు పక్కవాటుగా, తీరిగ్గా కనబడతాయి. అటు నుంచి గాలివాలుగా వచ్చేవాటి జోలికి కొత్తలో పోకండి.

ఇక గుర్తుపట్టడం. టెర్న్ ముక్కు కిందికి దించి, నీళ్లను వెతుక్కుంటూ పోతుంది. గల్ ముందుకు చూస్తూ పోతుంది, రెక్క కూడా వెడల్పు. టెర్న్ అని తేలితే ముక్కు రంగే సగం పని చేసి పెడుతుంది: లావాటి ఎర్ర ముక్కు ఉంటే కాస్పియన్ టెర్న్, పసుపు అయితే గ్రేటర్ క్రెస్టెడ్, నారింజ అయితే లెస్సర్ క్రెస్టెడ్. పొట్టిగా, మందంగా, నల్లగా ఉంటే గల్-బిల్డ్ టెర్న్. ఇది మిగతావాటిలా నీళ్లలోకి దూకడం తక్కువ, బురద మీద వంగి ఏరుకుంటుంది.

గల్స్ దగ్గరే అసలు తలనొప్పి. బ్రౌన్-హెడెడ్, బ్లాక్-హెడెడ్ అని పేర్లు పెట్టారు గానీ, చలికాలంలో మన దగ్గరికొచ్చేసరికి రెండిటి తలలూ తెల్లగానే ఉంటాయి, కంటి వెనక నల్లచుక్క తప్ప. పేరును నమ్మితే మోసపోతాం. రెక్క చివర చూడండి. ఎదిగిన బ్రౌన్-హెడెడ్ గల్‌కు నల్లటి రెక్క కొస మీద తెల్లటి మచ్చలు, అద్దం బిళ్లల్లా ఉంటాయి. బ్లాక్-హెడెడ్‌కు ఆ బిళ్లలుండవు; రెక్క ముందు అంచు పొడవునా తెల్లగా, కొస దగ్గర సన్నటి నల్ల అంచుతో ఉంటుంది. పిల్ల పక్షుల్లో ఈ బిళ్లలు సరిగా ఉండవు, అందుకే అనుమానం వస్తే పేరు రాయకుండా వదిలేయండి.

అందుకే మనకు కావాల్సింది రెక్క పూర్తిగా విచ్చుకున్న ఫొటో. షట్టర్ 1/2000 సెకను, ఫోకస్ నిరంతరం వెంటాడే మోడ్‌లో, వరసగా ఫొటోలు తీసే బర్స్ట్ ఆన్‌లో. ఎక్స్‌పోజర్, అంటే ఫొటోలో వెలుగు ఎంతుండాలన్నది మాత్రం కెమెరాకు వదలొద్దు. తెల్లటి ఆకాశం ముందు అది పక్షిని నల్లబరుస్తుంది, అదే పక్షి మడ చెట్ల పచ్చదనం ముందుకొస్తే తెల్లగా మాడ్చేస్తుంది. ఎండలో ఉన్న ఒక తెల్ల పక్షి మీద సరిచూసుకుని, మాన్యువల్‌లో పెట్టేయండి. మబ్బు పట్టేదాకా మార్చక్కర్లేదు.

మంద లేవాలని రాయి విసరడం, పరుగెత్తడం వద్దు. ఆ బ్రౌన్-హెడెడ్ గల్స్ లడఖ్, టిబెట్ ఎత్తుల్లో గుడ్లు పెట్టి, మనదాకా వచ్చి సేదతీరుతున్నాయి. పడవలు రేవుకు చేరే వేళకు వెళితే అవే మీ నెత్తి మీద తిరుగుతాయి.

ఈ వారం పని: ముందు ఒక గంట బ్రాహ్మణి గద్దను వెంటాడండి. అది నెమ్మదిగా తిరుగుతుంది, చెయ్యి అలవాటవుతుంది. తర్వాతే గల్స్. ఇంటికొచ్చాక రెక్క చివర స్పష్టంగా ఉన్న ఫొటో ఒక్కటుంటే చాలు, తోక తెగిపోయినా ఉంచుకోండి. వచ్చే పాఠంలో టెర్న్ నీళ్లలోకి దూకే క్షణం.